అమ్మ టాబ్లెట్‌కి కొత్త బ్యాటరీ: వదలడం వేరు, వదిలించుకోవడం వేరు



పోయిన వారం వీడియోలో మనం భగవద్గీత రెండో అధ్యాయం 22వ శ్లోకం గురించి మాట్లాడుకున్నాం. చిరిగిపోయిన బట్టలు విడిచి మనిషి కొత్తవి కట్టుకున్నట్టే, దేహంలో ఉన్నవాడు శిథిలమైన దేహాన్ని విడిచి కొత్తదాన్ని పొందుతాడని కృష్ణుడు అర్జునుడికి చెప్పే శ్లోకం అది. వీడియో చివర్లో నేను కాస్త ఉత్సాహంగా ఒక మాట అనేశాను. "పాతదాన్ని పట్టుకుని వేలాడకండి, వదలడం నేర్చుకోండి" అని. చాలామందికి ఆ మాట నచ్చింది. నాకూ నచ్చింది.

సరిగ్గా నాలుగు రోజుల తర్వాత మా వంటింట్లో నాకు ఆ మాట మీదే పరీక్ష పెట్టారు. పెట్టింది మా అమ్మ. ఫలితం గొప్పగా ఏమీ రాలేదు. అందుకే ఈ పోస్టు.

ఉబ్బిన టాబ్లెట్

మా ఇంట్లో ఒక పాత టాబ్లెట్ ఉంది. 2015లో నాన్న కొన్నారు. ఆయన పోయి నాలుగేళ్లవుతోంది. అప్పటినుంచి అది అమ్మది. తెల్లారుజామున ఐదింటికి సుప్రభాతం, వంట చేస్తున్నంతసేపూ ప్రవచనం, మధ్యాహ్నం నా వీడియోలు (తప్పులు పట్టడానికి), రాత్రి విష్ణుసహస్రనామం. ఏడాది నుంచి దాని చార్జింగ్ గంట కూడా ఆగడం లేదు. అందుకని అమ్మ దాన్ని స్టవ్ పక్కన గట్టు మీద పెట్టి, వైరు ఎప్పుడూ తగిలించే ఉంచేది.

ఆ రోజు పొద్దున చూస్తే స్క్రీన్ ఒక పక్క పైకి లేచి ఉంది. అట్లకాడ అంచు దూరేంత సందు. లోపల బ్యాటరీ ఉబ్బి అద్దాన్ని పైకి తోసేస్తోంది.

ఇది మీ ఇంట్లోనూ జరగొచ్చు కాబట్టి ఎందుకు ఉబ్బుతుందో రెండు మాటల్లో చెప్తాను. ఈ బ్యాటరీల్లో లిథియం అయాన్లు చార్జ్ చేసినప్పుడు ఒక వైపుకి, వాడినప్పుడు ఇంకో వైపుకి ప్రయాణిస్తూ ఉంటాయి. ప్రతి ప్రయాణంలోనూ కొంచెం కొంచెం లిథియం అక్కరలేని రసాయన చర్యల్లో ఇరుక్కుపోతుంది, మళ్లీ పనికిరాదు. అదే బ్యాటరీకి ముసలితనం. వేడి తగిలినా, ఎప్పుడూ నూటికి నూరు శాతం చార్జ్‌లో ఉంచినా ఆ ముసలితనం త్వరగా వస్తుంది. లోపలి ద్రవం విచ్ఛిన్నమై గ్యాస్ పుడితే మెత్తటి సంచీ లాంటి ఆ బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని చార్జ్ చేయకూడదు, నొక్కకూడదు, గుచ్చకూడదు. మంట వచ్చే ప్రమాదం ఉంది. మేం వెంటనే వైరు పీకి, ఆఫ్ చేసి, బట్టలకీ కాగితాలకీ దూరంగా ఒక స్టీలు పళ్లెంలో పెట్టాం.

తర్వాత నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఫోన్ తీసి షాపింగ్ యాప్ తెరవడం.

"నీకున్నది ఏంటి మరి?"

దసరా ముందు రోజులు కదా, సేల్ నడుస్తోంది. ఇరవై రెండు వేలకి మంచి టాబ్లెట్ ఉంది. అమ్మకి చూపించాను.

"దీనికేమైందిరా? బ్యాటరీయేగా పోయింది. బ్యాటరీ మార్పించు" అంది.

"అమ్మా, పదేళ్ల వస్తువు. దాని మీద ఇంకా డబ్బులు పెట్టడం దండగ. నాన్న కొన్నారని నీకు మమకారం. పోయిన వారం వీడియోలో చెప్పింది అదే కదా..."

అమ్మ పప్పులో పోపు వేస్తూ నా వైపు చూడకుండానే అడిగింది. "సరే, పాతదాని మీద నాకున్నది మమకారం. మరి నువ్వింకా చూడనైనా చూడని ఆ కొత్తదాని మీద నీకున్నది ఏంటి? వైరాగ్యమా?"

నా దగ్గర సమాధానం లేదు. అయినా ఊరుకోలేదు. దాంట్లో నాన్న గొంతుతో రికార్డింగులు ఉన్నాయి. ఆయన రిటైరయ్యాక రోజూ పోతన భాగవతం చదువుకుంటూ, తడబడుతూ, మధ్యలో దగ్గుతూ, తనకోసం తను రికార్డు చేసుకున్నవి. ముప్పైకి పైగా ఫైళ్లు. అమ్మ అసలు బెంగ అదేనని నాకు అనిపించింది. అవన్నీ రెండేళ్ల కిందటే నా ల్యాప్‌టాప్‌లోకి తీసి పెట్టానని గుర్తుచేశాను. కొత్త టాబ్లెట్‌లో వేసి ఇస్తానన్నాను.

"అది నాకు తెలుసురా. మీ నాన్న ఈ అద్దంలో కూర్చున్నారని నేనెప్పుడన్నాను? ఇది బాగానే పని చేస్తోంది. స్క్రీన్ బాగుంది, మాట బాగా వినబడుతోంది. ఒక్క భాగం పాడైంది. ఆ ఒక్కటీ మారిస్తే సరిపోయేదానికి మొత్తం ఎందుకు పారేయడం? నాకు అర్థం కావట్లేదు, అంతే."

ఇక్కడ నేను ఆగిపోయాను. ఆవిడది సెంటిమెంట్ అని నేను ముందే తీర్పు ఇచ్చేశాను. కానీ ఆవిడ మాటలో సెంటిమెంట్ ఎక్కడా లేదు. మోజు మీద నడుస్తున్నది నేను. పైగా నా మోజుకి గీత శ్లోకాన్ని కవర్‌లాగా వాడుకున్నాను.

జగదీశ్ మార్కెట్లో అరగంట

మర్నాడు ఇద్దరం ఆటోలో అబిడ్స్ వెళ్లాం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి జగదీశ్ మార్కెట్ గురించి చెప్పక్కర్లేదు. ఇరుకు సందులు, అడుగడుక్కీ సెల్‌ఫోన్ల దుకాణాలు, గాజు అద్దాల కింద వేల రకాల విడిభాగాలు. టాబ్లెట్‌ని చిన్నపిల్లలా తువ్వాల్లో చుట్టి అమ్మ ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

ఒక చిన్న కొట్లో పాతికేళ్ల కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "చార్జ్ ఎంతుందన్నా? తక్కువుంటేనే తెరుస్తా" అన్నాడు. తక్కువే ఉంది. "రెండు వేల రెండొందలైతది. కానీ స్క్రీన్ గ్యారంటీ ఇయ్య. పాత మోడల్, గమ్ముతో అతికిచ్చిన్రు. బ్యాటరీ ఉబ్బి అద్దం మీద ఇప్పటికే జోరుంది. లేపుతుంటే పగలొచ్చు. పగిలితే నా తప్పు కాదు. ఆలోచించుకోండ్రి."

నేను వెంటనే అమ్మ వైపు తిరిగి, "విన్నావుగా? పగిలితే రెండు వేలూ పోతాయి, టాబ్లెటూ పోతుంది. ఇంకోసారి ఆలోచించు" అన్నాను.

అమ్మ ఆ అబ్బాయితోనే మాట్లాడింది. "చెయ్యి నాయనా. నిలిస్తే నిలుస్తుంది, పోతే పోతుంది. నువ్వు మాత్రం కంగారుపడకు, నెమ్మదిగా చెయ్యి."

ఆ మాటతో ఆ కుర్రాడి భుజాలు కొంచెం కిందికి దిగడం నేను చూశాను. టాబ్లెట్‌ని వేడి పలక మీద పెట్టి గమ్ము మెత్తబడే దాకా ఆగాడు. పల్చటి ప్లాస్టిక్ ముక్కల్ని ఒక్కొక్కటిగా అంచుల్లోకి దూర్చాడు. అద్దం లేవగానే ముందు బ్యాటరీ కనెక్షన్ విడదీశాడు. బ్యాటరీని కూడా గమ్ముతోనే అతికించి ఉంచారు. కిందికి ఆల్కహాల్ చుక్కలు వదిలి, కార్డు ముక్కతో అంగుళం అంగుళం లేపాడు. ఇనుప వస్తువు ఏదీ దాని దగ్గరికి రానివ్వలేదు. బల్ల కింద ఇసుక డబ్బా ఉంది. "పొగొస్తే దాంట్లెయ్యాలె" అన్నాడు తల ఎత్తకుండా.

ఆ అరగంటా నేను గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. అమ్మ స్టూల్ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూస్తోంది. మా ఇద్దరిలో ఎవరికి మమకారం ఎక్కువో, ఆ కొట్టు ముందు నిలబడి చూసినవాళ్లు ఎవరైనా చెప్పేస్తారు.

చివరికి కింది మూలలో వెంట్రుకంత సన్నటి గీత ఒకటి పడింది. మిగతాదంతా బాగానే ఉంది. "కనిపించట్లేదులే" అంది అమ్మ.

శ్లోకం మళ్లీ చదివితే

ఇంటికొచ్చి ఆ రాత్రి 22వ శ్లోకం మళ్లీ తీశాను. వీడియోలో నేను తొందరలో దాటేసిన విషయాలు రెండు కనిపించాయి.

మొదటిది, ఆ మాట ఎవరితో, ఎప్పుడు చెప్పారన్నది. తన వాళ్లు చనిపోతారన్న దుఃఖంతో విల్లు కింద పడేసి కూర్చున్న మనిషికి చెప్పిన మాట అది. శోకాన్ని సడలించడానికి చెప్పింది. బట్టలు అక్కడ పోలిక మాత్రమే. సేల్ రోజుల్లో మనం చేసే ఖర్చుకి అనుమతి పత్రంగా దాన్ని వాడుకోవడం, నాలాగా, పోలికని పట్టుకుని విషయాన్ని వదిలేయడమే.

రెండోది, "జీర్ణ" అన్న మాట. అంటే శిథిలమైనది, అరిగిపోయినది అని. కొత్త రంగు వచ్చింది కాబట్టి వదిలేసిన బట్ట జీర్ణం కాదు. మన ఇళ్లలో బట్ట జీర్ణం కావడానికి ఎంత కాలం పట్టేదో గుర్తు తెచ్చుకోండి. కట్టి కట్టి మెత్తబడ్డ చీర పసిబిడ్డకి ఉయ్యాల అయ్యేది. ఆ తర్వాత బొంతలోకి వెళ్లేది. చిరిగిన ముక్క వంటింట్లో మసిగుడ్డ. తాతగారి పాత పంచె ముక్కలు దేవుడి ముందు ఒత్తులుగా వెలిగేవి. అంత ప్రయాణం చేశాక అప్పుడు దాన్ని వదిలేవాళ్లు. ఆ వదలడంలో బాధ ఉండేది కాదు, ఎందుకంటే దానికి మనం చేయాల్సింది ఏమీ మిగిలేది కాదు.

తెలుగులో మనకి రెండు మాటలున్నాయి. వదలడం, వదిలించుకోవడం. వినడానికి దగ్గరగా ఉంటాయి. వదలడంలో నా పట్టు సడలుతుంది. వదిలించుకోవడంలో వస్తువు నా కళ్ల ముందునుంచి పోతుంది, పట్టు మాత్రం అలాగే ఉండి ఇంకోదాని మీదకి మారుతుంది. "పోతే పోతుంది" అంటూనే ఆ టాబ్లెట్‌ని బాగు చేయించిన అమ్మ చేసింది మొదటిది. నేను చేయబోయింది రెండోది. పైకి చూస్తే అమ్మే పట్టుకుని ఉన్నట్టు, నేనే త్యాగం చేస్తున్నట్టు కనిపిస్తుంది. అక్కడే మనం మోసపోతాం.

ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రం ఇదే ముడిని విప్పుతుంది. ఇదంతా ఈశ్వరుడిది, కాబట్టి త్యాగ బుద్ధితో అనుభవించు, ఆశపడకు అంటుంది. వాడుకోవద్దని అనడం లేదు. ఇది నాది కాదు, నా చేతిలో పెట్టారు అని తెలిసి వాడుకోమంటోంది. మన చేతిలో పెట్టిన ఇంకొకరి వస్తువుని మనం ఎలా చూస్తాం? జాగ్రత్తగా చూస్తాం. చిన్న రిపేరు వస్తే చేయిస్తాం. అడిగినప్పుడు ఇచ్చేస్తాం.

గుడి చెప్పే పాఠం

మన సంప్రదాయంలో దీనికో పెద్ద మాట కూడా ఉంది, జీర్ణోద్ధారణ. గుడి శిథిలమైతే ఆగమం ప్రకారం దాన్ని మళ్లీ నిలబెట్టడం. ఆ పనులు జరిగినన్నాళ్లూ పూజ ఆగకుండా బాలాలయం ఏర్పాటు చేస్తారు. యాదగిరిగుట్టలో 2016 నుంచి 2022 మార్చిలో ప్రధానాలయం తెరిచే దాకా మనలో చాలామంది బాలాలయంలోనే స్వామిని దర్శించుకున్నాం. తిరుమలలో పన్నెండేళ్లకోసారి అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ జరుగుతుంది. 2018 ఆగస్టులో జరిగింది. మూలమూర్తిని పీఠంతో కలిపి పట్టి ఉంచే అష్టబంధనం అనే ఎనిమిది ద్రవ్యాల ముద్ద కాలం గడిచేకొద్దీ పాతబడుతుంది. అందుకని దాన్ని కొత్తగా వేస్తారు. అరిగినది అష్టబంధనం, మార్చేది కూడా అదే.

పూర్తిగా మార్చాల్సి వచ్చినప్పుడు ఎలా మారుస్తారో పూరీలో చూడొచ్చు. జగన్నాథుడి దారు విగ్రహాలకి నవకళేబరం వస్తుంది. ఇటీవలిది 2015లో జరిగింది, దానికి ముందుది 1996లో. బ్రహ్మపదార్థాన్ని కొత్త విగ్రహాల్లోకి చేర్చాక పాత విగ్రహాల్ని గుడి ఆవరణలోనే కోయిలి వైకుంఠంలో ఖననం చేస్తారు. దైతాపతి సేవకులు సొంత మనిషి పోయినట్టు అశౌచం పాటిస్తారు. కొత్తది వచ్చిందన్న సంబరంలో పాతది ఎక్కడికి పోయిందో తెలియకుండా పోదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. టాబ్లెట్ శరీరం, ఫైళ్లు ఆత్మ, బ్యాటరీ ప్రాణం అని పోలిక లాగొద్దు. నాకూ నోటిదాకా వచ్చింది. ఆత్మకి బ్యాకప్ తీయలేం, ప్రాణం జగదీశ్ మార్కెట్లో దొరకదు. గుడి నుంచి మనం తీసుకోవాల్సింది ఒక తీరు. ఏది అరిగిందో చూడు, అరిగినదాన్నే మార్చు, తీసేసినదాని బాధ్యత కూడా నీదే అనుకో.

ఆ మూడో ప్రశ్న నేను అడగలేదు

మార్కెట్ నుంచి తిరిగొస్తుంటే ఆటోలో అమ్మ అడిగింది. "అవున్రా, ఆ పాత బ్యాటరీ ఏం చేశాడు?"

నాకు తెలియదు. చూడను కూడా చూడలేదు. కొత్తది వెలగగానే నా శ్రద్ధ అయిపోయింది.

మర్నాడు ఫోన్ చేశాను. పాతవన్నీ ఇసుక డబ్బాలో వేసి పెడతామని, తుక్కు వ్యాపారి వచ్చి తూకం లెక్కన తీసుకెళ్తాడని చెప్పాడు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్తాయో అతనికీ తెలియదు. మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలు సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత ఉత్పత్తిదారులది. కానీ మనం సరైన చోట ఇవ్వకపోతే అవి ఏ చెత్తకుప్పలోనో నలిగి అంటుకుంటాయి.

ఇది అహింసకి సంబంధించిన విషయం కూడా. ఇలాంటి చాలా బ్యాటరీల్లో కోబాల్ట్ ఉంటుంది. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో దేశం నుంచే వస్తుంది. అక్కడ చేతి తవ్వకాల గనుల్లో పిల్లలు కూడా పని చేస్తున్నారని మానవహక్కుల సంస్థలు ఏళ్లుగా చెప్తున్నాయి. కొత్త బ్యాటరీకి కూడా ఈ పాపంలో వాటా ఉంది, లేదని నేను అనను. కానీ ఒక బ్యాటరీ మారిస్తే ఆ బ్యాటరీ వరకే. మొత్తం టాబ్లెట్ మారిస్తే దానితో పాటు అద్దం, చిప్పులు, అల్యూమినియం, వాటి కోసం తవ్విన నేల, ఖర్చయిన నీళ్లు, కరెంటు. మనం పతంజలి చెప్పిన యమాలు ఐదూ గడగడా చెప్పేస్తాం, అహింస మొదటిది, అపరిగ్రహం ఐదోది అని. "కొనండి" అన్న బటన్ దగ్గర ఆ రెండూ కలిసి నిలబడి ఉంటాయి, మనకి కనిపించవు.

దసరాకి మనం చేసే పని ఒకసారి చూడండి. ఆయుధపూజ రోజు ల్యాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెట్టి దండం పెడతాం. అదే రోజు రాత్రి దాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇస్తే ఎంత వస్తుందో చూస్తాం. నేను చూశాను కాబట్టే చెప్తున్నాను.

మరి ఎప్పుడు వదలాలి?

ప్రతి పాత వస్తువునీ మోయాలని నేను అనడం లేదు. అది కూడా ఒక జబ్బే. నా బల్ల సొరుగులో మూడు పాత ఫోన్లు ఉండేవి. వాడను, ఎవరికీ ఇవ్వను, పారేయను. "ఎప్పుడైనా పనికొస్తాయి" అని ఆరేళ్లుగా ఉన్నాయి. అది జాగ్రత్త కాదు, దాచుకోవడం. అపరిగ్రహానికి అది కూడా ఆమడ దూరమే. ఆ వారంలోనే ఒక ఫోన్ పని చేస్తోందని చూసి, అందులో నా వివరాలన్నీ తుడిచేసి, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి అమ్మాయికి పాఠాలు వినడానికి ఇచ్చాను. మిగతా రెండూ అధీకృత ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇచ్చేశాను. సొరుగు తేలికైంది. ఆ తేలిక నా తలకీ కొంచెం తెలిసింది.

అమ్మ టాబ్లెట్‌కి కూడా హద్దులున్నాయి. దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. కాబట్టి బ్యాంకు యాప్‌లు, డబ్బు లావాదేవీలు దాంట్లో పెట్టడం క్షేమం కాదు. అవి తీసేశాం. ఇప్పుడు దాని పని వినిపించడం, చదివించడం, అంతే. ఒకరకంగా దానికి వానప్రస్థం ఇచ్చాం. రేపు మదర్‌బోర్డు పోతే, బాగు చేయడానికి భాగాలే దొరక్కపోతే, అప్పుడు అది నిజంగా జీర్ణం. అప్పుడు వదిలేస్తాం. అమ్మ ముందే చెప్పేసింది కదా, పోతే పోతుందని.

ఇప్పుడు అది స్టవ్‌కి దూరంగా, దేవుడి గది గుమ్మం పక్కన అరలో ఉంటోంది. రాత్రంతా వైరు తగిలించడం మానేశాం. ఎనభై శాతం దాటకుండా చూసుకునే డ్యూటీ నాది. నిన్న సాయంత్రం అమ్మ నాన్న రికార్డింగ్ ఒకటి పెట్టుకుని మునగాకు దూస్తోంది. మధ్యలో ఆయన దగ్గారు. అమ్మ వినబడనట్టే ఆకు దూస్తూ ఉంది. పద్యం అయ్యాక ఆపి, "కూర కిందికి దించరా" అంది.

ఈ వారం సాధన

ఈ వారం ఒక చిన్న పని చేద్దాం. ఇంట్లో మీరు మార్చేద్దామనుకుంటున్న వస్తువు ఒకటి తీసుకోండి. ఫోన్, మిక్సీ, బ్యాగ్, చెప్పులు, ఏదైనా సరే. దాని ముందు కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో నిజంగా అరిగింది ఏది? ఆ ఒక్కటీ మార్చే వీలుందా? ఇది నా చేతిలోంచి వెళ్తే ఎవరి చేతికి, ఏ చోటికి వెళ్తుంది? మూడింటికీ సమాధానం దొరికాక బాగు చేయించండి, లేదా ఇచ్చేయండి, లేదా కొత్తదే కొనుక్కోండి. ఏది చేసినా తెలిసి చేద్దాం.

ఇంకో మాట. బ్యాటరీ ఉబ్బితే దయచేసి ఇంట్లో మీరే విప్పకండి. చేయి తిరిగినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. వాళ్లు పని చేస్తున్నంతసేపూ నాలాగా గోళ్లు కొరుక్కుంటూ నెత్తి మీద నిలబడకండి. అమ్మలాగా ఒక స్టూల్ చూసుకుని కూర్చోండి.

వచ్చే వారం కలుద్దాం. కృష్ణార్పణం.